పిసరంత ఇనుము బంగారాన్ని ఏం చేస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెట్టాలి. సారీ మీకు కాదులెండి, కుప్పంలో ఉండే నా ఫ్రెండ్‌కి. వాడి పేరు చెప్పను. చెప్తే తంతాడు.

డిగ్రీలో మేమిద్దరం ఒకే బెంచీ. ఒకరోజు ఫిజిక్స్ క్లాసులో సార్ బోర్డు మీద ఒక గ్రాఫ్ గీశారు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా రెసిస్టెన్స్. రెసిస్టెన్స్ అంటే తీగలో కరెంటుకి ఎదురయ్యే అడ్డంకి, అంతే. లోహాన్ని చల్లబరిచే కొద్దీ ఈ అడ్డంకి తగ్గుతుంది. తగ్గీ తగ్గీ చివర్లో ఒక చోట ఆగిపోతుంది, గీత నేల మీద పడుకున్నట్టు చదునుగా అయిపోతుంది. రాసుకోండి అన్నారు. అందరం రాసుకున్నాం. మావాడు మాత్రం లేచి, "సార్, ఇంకా చల్లబరిస్తే ఆ గీత మళ్లీ పైకి లేస్తుందా?" అని అడిగాడు.

క్లాసంతా ఒకటే నవ్వు. సార్ కూడా నవ్వి, "నీళ్లు కొండెక్కుతాయా నాయనా? కూర్చో" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో తెలుసా? పక్కనే కూర్చున్న నేను. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా వాడు క్లాసులో ఇంకో ప్రశ్న అడగడం నేను చూడలేదు.

విషయం ఏంటంటే, వాడు అడిగింది కరెక్ట్. ఆ గీత లేస్తుంది. బంగారంలోనే లేస్తుంది. మేం నవ్వడానికి ఎన్నో ఏళ్ల ముందు, 1934లోనే దాన్ని కొలిచి చూశారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పట్నుంచీ లోపల ఒకటే గిల్టీ ఫీలింగ్. అందుకే పోయిన ఆదివారం వాడికి చెప్పి రావడానికి బయల్దేరా. పొద్దున మదనపల్లె, మధ్యాహ్నం పుంగనూరులో మా మామ కొట్టు, అక్కణ్నుంచి బస్సులో కుప్పం. ఈ కథంతా ఆ దారిలోనే చెప్తాను, రండి.

ముందు మదనపల్లె. ఇక్కడి టమాటా మార్కెట్ మన దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. సీజన్లో తెల్లారేసరికి మండీల ముందు క్రేట్లు గుట్టలుగా ఉంటాయి. ఒక హమాలీ అన్న నెత్తిన క్రేటు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాడు అనుకోండి. ఆయన ఎలక్ట్రాన్. చుట్టూ నిలబడ్డ జనం లోహంలోని అణువులు.

జనం అటూ ఇటూ కదులుతుంటే భుజాలు తగులుతాయి, ఆయన నడక ఆగీ ఆగీ సాగుతుంది. లోహం వేడిగా ఉన్నప్పుడు జరిగేది ఇదే. అణువులు వణుకుతుంటాయి, ఎలక్ట్రాన్లు వాటికి తగిలి చెదిరిపోతుంటాయి. ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడితే మీ ఫోన్ వేడెక్కుతుంది కదా, అందులో ఈ తగులుళ్ల వాటా కూడా ఉంది. ఇప్పుడు జనం అందరూ వరసలు కట్టి కదలకుండా నిలబడ్డారనుకోండి. అన్న హాయిగా సాగిపోతాడు. ఎలక్ట్రాన్ ఒక అల లాంటిది కూడా కాబట్టి, వరసలు క్రమంగా ఉంటే అసలు అడ్డమే లేనట్టు దూసుకుపోతుంది. లోహం చల్లబడితే అడ్డంకి తగ్గేది అందుకే.

మరి సున్నా ఎందుకు అవ్వదు? దారిలో ఎక్కడో ఒక రాయి పడి ఉంటుంది కాబట్టి. జనం ఎంత కదలకుండా నిలబడినా, రాయి రాయే. దానికి కాలు తగులుతూనే ఉంటుంది. లోహంలో ఆ రాయి అంటే వేరే జాతి అణువు, లేదా వరసలో ఒక లోపం. చల్లబరచడం వల్ల రాయి మాయమవదు. అందుకే గీత కిందికొచ్చి చదునుగా ఆగిపోతుంది. సార్ గీసిన గ్రాఫ్ ఇదే. పాదరసం, సీసం లాంటివి సూపర్ కండక్టర్లుగా మారి ఏకంగా సున్నా అయిపోతాయి, సెమీకండక్టర్ల కథ ఇంకా వేరు. వాటిని పక్కన పెడదాం. బంగారం, రాగి లాంటి మామూలు లోహాల సంగతే మాట్లాడుతున్నా.

మార్కెట్ నుంచి బస్టాండుకొచ్చి పుంగనూరు బస్సెక్కా.

పుంగనూరు అనగానే మీకు గుర్తొచ్చేది పొట్టి ఆవు. నాకు మాత్రం మా మామ కుంపటి. మామ బంగారు పని చేస్తాడు. చిన్న కొట్టు. ఒక గీటురాయి, ఒక ఊదుగొట్టం, పట్టకార్లు, ఆకురాళ్లు. వీటన్నిటి పక్కనే ఒక అయస్కాంతం కూడా ఉంటుంది. చిన్నప్పుడు దాంతో ఆడుకోవాలని నా కన్నంతా దాని మీదే ఉండేది. ఇవ్వడు.

అది ఎందుకంటే, ఆకురాయితో నగని రాస్తే బంగారు రజను రాలుతుంది. ఆకురాయి ఉక్కు కదా, అది కూడా కాస్త అరుగుతుంది. ఆ ఉక్కు పొడి రజనులో కలుస్తుంది. రజనుని మళ్లీ కరిగించే ముందు మామ అయస్కాంతాన్ని దాని పైన మెల్లగా తిప్పుతాడు. ఉక్కు పొడి టకటకా అంటుకుంటుంది, బంగారం కింద ఉండిపోతుంది. ఇప్పుడు కూడా అదే చేస్తున్నాడు.

"మామా, ఇప్పుడు ఇందులో ఇనుము అస్సలు లేనట్టేనా?" అన్నా.

"కంటికి కనపడేది లేదు అల్లుడా. కంటికి కనపడంది ఆ దేవుడికే తెలుసు" అన్నాడు.

దేవుడితో పాటు ఎలక్ట్రాన్లకి కూడా తెలుసు! ఇప్పుడు అసలు కథలోకి వస్తున్నాం.

నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊరుంది. హీలియం వాయువుని మొదటిసారి ద్రవంగా మార్చింది అక్కడే, 1908లో. ద్రవ హీలియం సుమారు 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. మన మంచు గడ్డ కరిగే ఉష్ణోగ్రత 273 కెల్విన్. అంటే ఎంత చలో చూడండి. అక్కడ 1934లో డి హాస్, డి బోయర్, వాన్ డెన్ బర్గ్ అనే ముగ్గురు బంగారు తీగల్ని చల్లబరుస్తూ రెసిస్టెన్స్ కొలిచారు. అది తగ్గుతూ వచ్చింది. సుమారు 4 కెల్విన్ దగ్గర అట్టడుగుకి చేరింది. ఇంకా చల్లబరిచారు. గీత పైకి లేచింది.

సరిగ్గా మావాడు అడిగినట్టే!

ఇదెలా? జనం ఇంకా బుద్ధిగా నిలబడ్డారు, రాయి ఎక్కడిదక్కడే ఉంది, అయినా అన్నకి నడక కష్టమైపోతోంది. ఎవరికీ అర్థం కాలేదు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 30 ఏళ్లు ఇది తెగలేదు.

మెల్లగా ఒక అనుమానం మొదలైంది. కొన్ని తీగల్లో ఇది కనిపిస్తోంది, కొన్నింట్లో కనిపించడం లేదు. తీగ ఎంత శుద్ధంగా ఉందన్న దానికీ దీనికీ ఏదో లింకు ఉంది. అయితే మలినం ఎక్కువైతే ఇది వస్తుందా? అదీ కాదు. మామ చేతిలో ఉన్న నగనే చూడండి. 916 అంటే వెయ్యి భాగాల్లో 916 బంగారం, మిగతా 84 రాగి, వెండి లాంటివి. పది లక్షల అణువుల లెక్కలో చూస్తే వేలకు వేలు వేరే జాతి అణువులన్నమాట. అంత కలిపినా రాగీ వెండీ ఏం చేస్తాయి? రాళ్లలా పడి ఉంటాయి. అడ్డంకి మొత్తంగా పెరుగుతుంది, కానీ గీత చివర్లో చదునుగానే ఉంటుంది. అదే పది లక్షల బంగారు అణువుల్లో పదుల లెక్కన ఇనుప అణువులు ఉంటే చాలు, గీత తల ఎత్తేస్తుంది.

మామకి ఇది చెప్తే ఒక్క నిమిషం ఊదుగొట్టం పక్కన పెట్టాడు. "ఎనభై నాలుగు పాళ్లు కలిపితే ఊరుకునేది, చిటికెడు కూడా లేని ఇనుముకి ఉలిక్కిపడుతుందా?" అన్నాడు. అదే మామా ప్రశ్న.

తేడా ఏంటంటే, రాగి, వెండి అణువులు బంగారంలో కూర్చున్నప్పుడు వాటికి అయస్కాంతత్వం ఉండదు. ప్రతి ఎలక్ట్రాన్ ఒక బుజ్జి అయస్కాంతం. దాన్ని స్పిన్ అంటారు, పైకో కిందికో ఉంటుంది. మామూలుగా పైకి ఉన్నదీ కిందికి ఉన్నదీ జత కట్టి ఒకదాన్నొకటి చెల్లు చేసుకుంటాయి. ఇనుములో కొన్ని ఎలక్ట్రాన్లకి జత దొరకదు. అందుకే బంగారం మధ్యలో ఒంటరిగా కూర్చున్న ఒక్క ఇనుప అణువు కూడా చిన్న అయస్కాంతంలా ఉంటుంది.

తప్పంతా ఈ అయస్కాంతత్వానిదే అని ఎలా తెలుసు? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మిరియమ్ సారాచిక్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో చేసిన పని, 1964లో అచ్చయింది. ఆమె బెల్జియంలో పుట్టారు, చిన్నతనంలోనే నాజీల నుంచి కుటుంబంతో పారిపోయి వచ్చారు. ఆమె ఏం చేశారంటే, మాలిబ్డినం, నయోబియం అనే రెండు లోహాల్ని రకరకాల పాళ్లలో కలిపి, అన్నింట్లోనూ ఒకే ఒక్క శాతం ఇనుము వేశారు. ఇనుము అదే, కొలత అదే, మారింది చుట్టూ ఉన్న లోహం మాత్రమే. నయోబియం ఎక్కువున్న చోట ఇనుము తన అయస్కాంతత్వాన్ని పోగొట్టుకుంటుంది. అక్కడ గీత లేవలేదు. మాలిబ్డినం ఎక్కువున్న చోట ఇనుము అయస్కాంతంలా ఉంటుంది. అక్కడ గీత లేచింది. దొంగ దొరికిపోయాడు!

దొంగ దొరికాడు సరే, దొంగతనం ఎలా చేశాడు? అది చెప్పడానికి బస్సెక్కాలి.

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టర్ అన్న చిల్లర కోసం అందరినీ బతిమాలుతున్నాడు. అప్పుడు తట్టింది నాకు, కండక్టర్‌కీ రాయికీ తేడా ఇదే కదా అని.

రాయికి జ్ఞాపకం ఉండదు. మీరు తగిలినా, మీ ముందు వెళ్లినాయన తగిలినా దానికి ఒకటే. కండక్టర్ అలా కాదు. నా ముందు ఎక్కినామె ఐదు వందల నోటు ఇచ్చి చిల్లరంతా పట్టుకుపోతే, నాకు చిల్లర రాదు. ఆమె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకి తెలియదు. కానీ కండక్టర్ సంచి మా ఇద్దరినీ కలిపేసింది.

ఇనుప అణువుకి కూడా ఒక సంచి ఉంది. అందులో ఒకటే నాణెం, బొమ్మో బొరుసో. వచ్చే ఎలక్ట్రాన్ చేతిలోనూ ఒక నాణెం. ఎలక్ట్రాన్ బొమ్మతో వచ్చి, ఇనుము దగ్గర బొరుసు ఉంటే, ఇద్దరూ మార్చుకోవచ్చు. ఎలక్ట్రాన్ బొరుసుతో వెళ్లిపోతుంది, ఇనుము దగ్గర బొమ్మ మిగుల్తుంది. తర్వాత వచ్చే ఎలక్ట్రాన్‌కి ఏం జరుగుతుందనేది ముందు వెళ్లినదాని మీద ఆధారపడుతుంది. అంటే మార్కెట్లో ఎవరి దారిన వాళ్లు నడిచిన హమాలీలు, ఇప్పుడు ఒకరి లెక్కలో ఒకరు ఇరుక్కున్నారు.

1964లో జపాన్‌లో జున్ కోండో అనే ఆయన ఈ లెక్క వేశారు. అప్పటికి ఆయనకి 34 ఏళ్లు. అంతకుముందు వాళ్లు ఎలక్ట్రాన్ ఇనుముని ఒకసారి తగిలి వెళ్లిపోతుంది అన్నంతవరకే లెక్కించారు. కోండో ఇంకో అడుగు వేశారు. తగిలి, మధ్యలో ఒక స్థితిలోకి వెళ్లి, మళ్లీ తగిలితే? అక్కడ రెండు రకాల వరసలు వస్తాయి. ముందు ఏది, వెనక ఏది అని. రాయి విషయంలో ఆ రెండు వరసల తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాణెం ఉన్న ఇనుము విషయంలో కొట్టేసుకోవు. ముందు మార్చుకుని తర్వాత వెళ్లడం వేరు, ముందు వెళ్లి తర్వాత మార్చుకోవడం వేరు. ఆ మిగిలిపోయిన తేడానే మన గీతని పైకి లేపేది.

మరి ఇది చలిలోనే ఎందుకు బయటపడుతుంది? బస్సు సీట్లనే చూడండి. లోహంలో ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న సీట్ల నుంచి మొదలుపెట్టి వరసగా నింపుకుంటూ వస్తాయి. వేడిగా ఉంటే చివరి వరస దగ్గర గందరగోళం. కొందరు లేచి నిలబడతారు, కొన్ని సీట్లు ఖాళీ, ఎక్కడిదాకా నిండిందో తెలియదు. ఆ గోలలో నాణేల లెక్క కలగాపులగమైపోతుంది. చల్లబడే కొద్దీ నిండిన సీట్లకీ ఖాళీ సీట్లకీ మధ్య గీత గీసినట్టు తేలిపోతుంది. అప్పుడు ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు పైకి తేలతాయి.

కోండో లెక్క ప్రకారం ఈ పెరుగుదల లాగరిథం లాగా ఉంటుంది. లాగ్ అనగానే వీడియో ఆపేయకండి! సింపుల్. 10 కెల్విన్ నుంచి 1 కెల్విన్‌కి దిగితే ఎంత పెరుగుతుందో, 1 నుంచి 0.1కి దిగినా అంతే పెరుగుతుంది. పదో వంతుకి దిగిన ప్రతిసారీ ఒకే మెట్టు. ఇంకో చక్కటి విషయం కూడా ఆ లెక్కలోంచి వచ్చింది. ఇనుముని 32 రెట్లు పెంచితే, గీత అట్టడుగుకి చేరే ఉష్ణోగ్రత ఎంత మారుతుంది? రెండింతలే. రెండుని ఐదుసార్లు హెచ్చిస్తే 32 కదా, అదీ సంగతి. ప్రయోగశాలల్లో కొలిచిన లెక్కలకి ఇది సరిపోయింది. 30 ఏళ్ల చిక్కుముడి విడిపోయింది.

విడిపోయింది అనుకుంటే, ఇంకో ముడి పడింది. పదో వంతుకి దిగిన ప్రతిసారీ ఒక మెట్టు పెరిగితే, సున్నా కెల్విన్‌కి చేరేసరికి ఎన్ని మెట్లు? అనంతం. పిసరంత ఇనుముకి అనంతమైన అడ్డంకా? కుదరదు కదా. కోండో లెక్క ఒక హద్దు దాటాక పనిచెయ్యదు. దీనికే కోండో ప్రాబ్లమ్ అని పేరు పడింది. ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా లెక్కిస్తే పని జరగదు. కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు ఒక్క ఇనుముతో ఒకేసారి ఏం మాట్లాడుకుంటున్నాయో చూడాలి.

దాన్ని తేల్చింది అమెరికాకి చెందిన కెన్నెత్ విల్సన్, 1970లలో. ఆయన పద్ధతి మీకు బాగా తెలిసిందే. ఫోన్‌లో మ్యాప్ తీసి రెండు వేళ్లతో జూమ్ అవుట్ చేస్తారు కదా? ముందు వీధి కనిపిస్తుంది, తర్వాత ఊరు, తర్వాత జిల్లా. జిల్లా కనిపించేటప్పుడు ప్రతి ఇంటి గుమ్మం అక్కర్లేదు, ఆ గుమ్మాలన్నీ కలిసి ఊరుని ఎలా మార్చాయో తెలిస్తే చాలు. విల్సన్ కూడా పెద్ద శక్తుల నుంచి చిన్న శక్తులకి మెట్టు మెట్టుగా దిగుతూ కంప్యూటర్ మీద లెక్కించారు. 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ ఆలోచనల ఇల్లు చాలా పెద్దది, కోండో ప్రాబ్లమ్ అందులో ఒక గది.

ఇక్కడ మనకి దగ్గరి పేరు ఒకటుంది. ఈ పద్ధతిని విల్సన్, విల్కిన్స్‌లతో కలిసి ఇంకా ముందుకు తీసుకెళ్లి, 1980లో పెద్ద పరిశోధనా పత్రాలు రాసినవారు హెచ్.ఆర్. కృష్ణమూర్తి. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్. ఈరోజుకీ ఈ లెక్కలు చేసేవాళ్లు ఆ పత్రాలు తీయాల్సిందే. కుప్పం స్టేషన్లో రైలెక్కితే బెంగళూరు ఎంత దూరమో మీకు తెలుసు. మా క్లాసులో మేం నవ్విన ప్రశ్న మీద పని చేసిన మనిషి అంత దగ్గర్లో ఉన్నారని మాకెవరికీ తెలియదు.

సరే, విల్సన్ జూమ్ అవుట్ చేస్తే చివరికి ఏం కనిపించింది? చల్లబడే కొద్దీ ఇనుముకీ ఎలక్ట్రాన్లకీ మధ్య పట్టు బిగుస్తూ పోతుంది. చివరికి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఇనుము చేతిలోని నాణేనికి సరిగ్గా ఎదురు నాణెంలా తయారవుతాయి. అది బొమ్మ అయితే ఇవన్నీ కలిసి ఒక బొరుసు. రెండూ జత కట్టేస్తాయి. దూరం నుంచి చూస్తే అక్కడ అయస్కాంతమే కనిపించదు. ఇనుము ఎక్కడికీ పోలేదు, దాని ఒంటరితనం పోయింది. రెసిస్టెన్స్ కూడా ఇక అనంతానికి పరిగెత్తకుండా, ఎత్తులో ఒక చోట స్థిరపడుతుంది.

ఇలా జత కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రతని కోండో ఉష్ణోగ్రత అంటారు. బంగారంలో ఇనుముకి అది ఒక కెల్విన్ కంటే తక్కువ. అదే ఇనుముని రాగిలో పెడితే సుమారు 30 కెల్విన్. ఇల్లు మారితే ఇంత తేడా!

వి.కోట దాటింది. కుప్పం దగ్గరపడుతోంది. ఈ నేల కింద కూడా బంగారం ఉంది, తెలుసు కదా. కోలార్ బంగారు గనుల రాతిపట్టీ దక్షిణంగా మన గుడుపల్లె మండలంలోకి సాగుతుంది. చిగురుగుంట, బిసానత్తం దగ్గర భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లు తవ్వారు. 2001లో కోలార్‌తో పాటు ఇక్కడా మూతపడింది. మావాడి ఇంట్లోనూ గనుల కబుర్లు వింటూ పెరిగినవాళ్లే అందరూ. రాయిలోంచి బంగారాన్ని వేరు చేయడం ఎంత కష్టమో వాడు నాకు డిగ్రీలోనే చెప్పేవాడు. బంగారంలోంచి చివరి ఇనుప అణువుని వేరు చేయడం ఇంకెంత కష్టమో చెప్పాల్సిన వంతు ఇప్పుడు నాది.

వాడిది కుప్పంలో మొబైల్ రిపేర్ షాప్. వెళ్లేసరికి ఒక ఫోన్ విప్పి కూర్చున్నాడు. నేను స్టూల్ లాక్కుని, మదనపల్లె నుంచి మీకు చెప్పిందంతా వాడికి చెప్పా. లైడెన్, సారాచిక్, కోండో, కండక్టర్ సంచి, అన్నీ. చివర్లో, "ఒరే, ఆ రోజు నువ్వడిగింది కరెక్టు రా. నేను నవ్వాను. సారీ" అన్నా.

వాడు తల ఎత్తలేదు. ట్రేలోంచి ఒక సిమ్ తీసి, దాని బంగారు పూత గుడ్డతో తుడుస్తూ, "దేనికైనా పనికొచ్చిందా అది? లేకపోతే ఉత్త లెక్కలేనా?" అన్నాడు.

పనికొచ్చింది. బంగారంలో 0.07 శాతం ఇనుము కావాలనే కలిపి తీగ చేస్తారు. దాన్ని క్రోమెల్ అనే ఇంకో మిశ్రమలోహం తీగతో జత చేస్తే థర్మామీటర్. మామూలు తీగల జంటలు అంత చలిలో మొద్దుబారిపోతాయి. ఇది మాత్రం ద్రవ హీలియం చలిలో కూడా ఉష్ణోగ్రత తేడాలని పసిగడుతుంది. కారణం ఈ ఇనుమూ ఎలక్ట్రాన్ల గొడవే. తీసేయాలనుకున్న మలినాన్ని కొలిచి మరీ వేస్తున్నారు.

ఆ గొడవని కంటితో చూసినంత దగ్గరగా కూడా చూశారు. 1998లో విద్యా మాధవన్, మన ఐఐటీ మద్రాస్‌లో చదివి అమెరికా వెళ్లినావిడ, తన సహచరులతో కలిసి బంగారం ఉపరితలం మీద ఒకే ఒక్క కోబాల్ట్ అణువుని సూది మొన లాంటి మైక్రోస్కోపుతో పరిశీలించారు. కోబాల్ట్ కూడా ఇనుము లాగే అయస్కాంత జాతి. ఆ ఒక్క అణువు చుట్టూ కోండో గుర్తు స్పష్టంగా దొరికింది. ఇక 2020లో, అణువుని చుట్టుముట్టే ఆ ఎలక్ట్రాన్ల గుంపు ఎంత దూరం పరుచుకుంటుందో ఒక చిన్న సెమీకండక్టర్ పరికరంలో కొలిచారు. మైక్రాన్ల దూరం. అణువు సైజుతో పోలిస్తే వేల రెట్లు. అప్పటికి జున్ కోండో ఇంకా ఉన్నారు. 2022లో, 92 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇదంతా విని వాడు కాసేపు మాట్లాడలేదు. టీ తెప్పించాడు. సగం తాగాక, మెల్లగా, "ఒరే, ఇనుము ఇంకొంచెం ఎక్కువ వేస్తే? ఒక ఇనుప అణువు సంగతి దూరంగా ఉన్న ఇంకో ఇనుప అణువుకి ఈ ఎలక్ట్రాన్లు మోసుకుపోతాయా?" అన్నాడు.

నిజం చెప్తున్నా, నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మోసుకుపోతాయి. దగ్గరున్నదానికి ఒక మాట, ఇంకొంచెం దూరమున్నదానికి సరిగ్గా తిరగేసిన మాట. దాంతో ఏ ఇనుము ఎటు తిరగాలో తేలక, అన్నీ తలో దిక్కూ చూస్తూ గడ్డకట్టుకుపోతాయి. 1972లో కనెల్లా, మైడాష్ అనే ఇద్దరు ఇదే బంగారం-ఇనుము మిశ్రమంలో దాన్ని పట్టుకున్నారు. దాన్ని స్పిన్ గ్లాస్ అంటారు. 2021లో జార్జియో పరీసీకి నోబెల్ వచ్చిన పనికి మూలాలు అక్కడే ఉన్నాయి.

ఇవేవీ నేను వాడికి అప్పుడు చెప్పలేదు. "నువ్వేమనుకుంటున్నావ్, చెప్పు" అన్నా. వాడు అట్టపెట్టె చింపి, దాని మీద పెన్నుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. నా లాస్ట్ బస్సు పోయింది. ఆ అట్టముక్క ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాని సంగతి వచ్చే ఎపిసోడ్‌లో, వాడినే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.

అంతవరకు ఉంటాను. నమస్తే.